వీణామేళము: మెట్లు నిలుపు విధము, మీఁటు పద్ధతి

భరతఖండమున సంగీతశాస్త్రములు రచించినవారిలో పెక్కండ్రు స్వరనిర్ణయమునకు వీణనే ప్రమాణముగా గ్రహించిరి. కంఠమున స్వరము పుట్టుచోటు కంటికి గోచరింపదు. వేణువునందు రంధ్రముతోపాటు ఊపిరియు స్వరమును మార్చును. వీణయందన్ననో తంత్రి యింత పొడవు, మెట్టు ఇచ్చట నున్నది, పలికిన స్వరమిది యని వ్రేలితో చూపవచ్చును. క్రీ. శ. 1550లో రామామాత్యుఁడు రచించిన స్వరమేళకళానిధియందును, 1609లో సోమనాథుఁడు రచించిన రాగవిబోధమునందును, 17వ శతాబ్దిని వేంకటమఖి రచించిన చతుర్దండిప్రకాశికయందును వీణను గుఱించి ప్రత్యేకప్రకరణము లుండుటకు కారణమిదియే.

అయినను ఈ ప్రకరణములను చదువు పండితులలో వీణ ముట్టనివారు కలరు. వీణ వాయించువారిలో ఈ ప్రకరణములను చూడనివారును కలరు. మొదటివారికి గ్రంథము శబ్దమాత్రముగా నిలిచిపోవును. రెండవవారు మెట్లు కట్టు పనిని శిల్పికి విడిచి, అతఁడు నిలిపినచోటనే స్వరమున్నదని నమ్ముదురు. మెట్లు నిలుపుట శిల్పిపని మాత్రమే కాదు. అది విద్యలో నొక భాగము. దాని నెఱిఁగినవానికి వాద్యమును లొంగును, లక్షణగ్రంథమును బోధపడును. ఆ విధానమును, దాని ననుసరించిన వాదనపద్ధతియు నిచట సంగ్రహముగా నిరూపింపఁబడుచున్నవి.

వీణాంగములు, వాని పరీక్ష

వీణకు పనసకఱ్ఱ శ్రేష్ఠము. కుండయు దండియు ఒకే మానునుండి తొలిచినచో దానిని ఏకాండివీణ యందురు. వేఱువేఱుగా చేసి అతికినది అతుకువీణ. బొబ్బిలి సమీపమునందలి గొల్లపల్లిలోను, నూజివీటిలోను వీణలను వంశపరంపరగా చేయుచు వచ్చిన శిల్పులు ప్రసిద్ధులు. కుండమీఁదఁ బలకయు, దానిపై గుఱ్ఱమును, గుఱ్ఱముమీఁద కంచుఱేకును, దండి కొన మేరువును, దాని క్రింద సొరకాయబుఱ్ఱయు, తంత్రులు బిగించుటకు బిరడలును, శ్రుతిని సూక్ష్మముగా సవరించుటకు లంగర్లును ఉండును.

వీణను కొనువాఁడు నగిషీపని చూచి మోసపోరాదు. మొదట మేరువు నుండి గుఱ్ఱము దిక్కుగా కన్నుంచి చూచి దండి వంగలేదని తెలిసికొనవలెను. పిదప పలకను వ్రేలిమెటికతో పలుచోట్ల తట్టి, బీటవాఱిన ధ్వని యెక్కడను రాలేదని నిశ్చయించుకొనవలెను. బిరడలు త్రిప్పినచోట నిలువవలెను. జాఱునేని కొంచెము సుద్దపొడి పూసి చూడవచ్చును.

తంత్రి జుమ్ముమని చిటచిటలాడినచో దోషమెచ్చట నున్నదో కనుఁగొనుటకు సులభమైన ఉపాయము కలదు. మెట్టు నొక్కకయే మీఁటినపుడు ఆ ధ్వని వచ్చినచో దోషము గుఱ్ఱముమీఁది కంచుఱేకునందో మేరువునందో యుండును. తంత్రి చాలకాలము ఒరసికొనుటచే ఱేకు గాడిపడియుండును. దానిని నేర్పరియైన శిల్పిచేత సవరింపించవలెను. ఉత్తతంత్రి నిర్మలముగా పలికి, ఒకానొక మెట్టునొద్ద మాత్రమే యా ధ్వని వచ్చినచో, ఆ మెట్టునకును గుఱ్ఱమునకును నడుమనున్న మెట్టేదో ఎత్తుగా నున్నదని గ్రహింపవలెను. ఈ భేద మెఱుఁగక గుఱ్ఱమును రాచి వీణను పాడుచేసికొనువారు కలరు.

తంత్రులు, శ్రుతి

వాయించు తంత్రులు నాలుగు, తాళపుతంత్రులు మూఁడు. నాలుగింటిలో సారణి మధ్యషడ్జమునకును, రెండవది మంద్రపంచమమునకును, మూఁడవది మంద్రషడ్జమునకును, నాలుగవది అనుమంద్రపంచమమునకును శ్రుతి చేయఁబడును. తాళపుతంత్రులు మధ్యషడ్జ, మధ్యపంచమ, తారషడ్జములను పలుకును. సారణికి మెట్లు రెండుస్థాయిలకు సరిపడ 24 ఉండుటచే, వీణ అనుమంద్రపంచమము మొదలు అతితారషడ్జము వఱకు మూఁడున్నర స్థాయిల వ్యాప్తి కలిగియున్నది.

రామామాత్యుఁడు శుద్ధమేళవీణ, మధ్యమేళవీణ, అచ్యుతరాజేంద్రమేళవీణ యని మూఁడు వీణలను వర్ణించెను. అందు మధ్యమేళవీణకు చెప్పిన నాలుగు తంత్రుల శ్రుతి అనుమంద్రపంచమము, మంద్రషడ్జము, మంద్రపంచమము, మధ్యషడ్జము. నేఁటి వీణ శ్రుతియు నిదియే. శుద్ధమేళవీణయందు చివరి తంత్రి మంద్రమధ్యమమునకు శ్రుతి చేయఁబడెడిది. కాఁబట్టి స్వరమేళకళానిధిని బోధించునపుడు నేఁటి వీణను ముందుంచుకొని మధ్యమేళమును నేరుగా చూపవచ్చును. శుద్ధమేళమునకు శ్రుతి మార్చి చూపవలెను. ఈ వివేకము లేనిచో స్వరములు తాఱుమాఱగును.

శ్రుతి చేయుటలో క్రమము పాటింపవలెను. తంబురా శ్రుతికి సారణిని మొదట సరిచేసి, తరువాత పంచమమును, పిదప మంద్రానుమంద్రములను, కడపట తాళపుతంత్రులను బిగింపవలెను. ఏడు తంత్రుల బిగికి దండి యించుక వంగుటచే మొదట చేసిన సారణి సడలును. అందుచే బిరడలతో రెండవమాఱును, లంగర్లతో మూఁడవమాఱును సవరింపక శ్రుతి కుదురదు.

మెట్లు నిలుపు విధము

మెట్లు కంచుతో చేయఁబడును. తేనెమైనమునకు గుగ్గిలమును నల్లపొడియు చేర్చి కాఁచి, దండి కిరుప్రక్కల కట్టలుగా పోసి, వానిపై మెట్ల నడ్డముగా నిలుపుదురు. కాఁచిన యినుపకడ్డీని మెట్టునకు తాఁకించినచో క్రింది మైనము మెత్తబడును; అపుడు మెట్టును కావలసినచోటికి జరపి, చల్లాఱనిచ్చి, మరల పరీక్షింపవలెను.

లెక్క తేటపడుటకు, మేరువునుండి గుఱ్ఱము వఱకు తంత్రి పొడవు 36 అంగుళములని గ్రహింపవచ్చును. 12వ మెట్టు తంత్రిని సగము చేయును. అది మేరువునకు 18 అంగుళముల దూరమున నుండి తారషడ్జమును పలుకును. 7వ మెట్టు 12 అంగుళముల దూరమున నుండి, మిగిలిన 24 అంగుళములచే పంచమమును పలుకును. 5వ మెట్టు 9 అంగుళముల దూరమున శుద్ధమధ్యమమును, 2వ మెట్టు 4 అంగుళముల దూరమున చతుశ్శ్రుతిరిషభమును, 24వ మెట్టు 27 అంగుళముల దూరమున అతితారషడ్జమును పలుకును.

ఈ లెక్క మెట్టును ఉజ్జాయింపుగా నిలుపుటకే చాలును. వ్రేలితో నొక్కినపుడు తంత్రి బిగి హెచ్చి స్వరము కొంచెము పైకి పోవును. అందుచే మెట్టును లెక్కప్రకారమైన చోటికంటె నించుక మేరువు దిక్కునకు జరపవలసివచ్చును. మెట్టు ఎత్తు హెచ్చినకొలఁది ఈ జరుపుడు హెచ్చును. ఎంత యనునది కొలబద్ద చెప్పఁజాలదు, చెవియే చెప్పవలెను.

చెవికి సాక్ష్య మిచ్చునవి వీణయందే కలవు. తంత్రిని నొక్కక, సరిగా నడుమ వ్రేలితో మెల్లఁగా తాఁకి మీఁటినచో తారషడ్జము గంటవలె వినవచ్చును. మూఁడవవంతున తాఁకినచో తారపంచమము వినవచ్చును. రామామాత్యుఁడు చెప్పిన స్వయంభూస్వరములు ఇట్టివే యని విమర్శకులు కొందఱు వ్యాఖ్యానించిరి. 12వ మెట్టును నొక్కిన స్వరము తాఁకిన స్వరముతో నేకము కావలెను. 7వ మెట్టును నొక్కిన పంచమము తాఁకినదానికి ఒక స్థాయి క్రిందుగా, తాళపుపంచమముతో నేకము కావలెను.

రెండవ సాక్ష్యము సారణి పంచమతంత్రుల సంబంధము. సారణిమీఁది యే మెట్టు స్వరమైనను పంచమతంత్రిమీఁద దానికి ఐదుమెట్లు ముందున్న మెట్టున నదే స్థాయిలో పలుకును. పంచమతంత్రి 5వ మెట్టు ఉత్తసారణితోను, 6వది సారణి 1వ మెట్టుతోను, 7వది 2వ మెట్టుతోను, 12వది 7వ మెట్టుతోను ఏకము కావలెను. కాఁబట్టి 12, 7, 5 మెట్లను మొదట నిలిపి, 7వ మెట్టువలన 2వ మెట్టును సాధించి, తక్కిన వానిని ఈ జంటలచేతనే సరిచూచుకొనుచు పోవలెను. ఒక్కొక్క మెట్టును రెండు తంత్రులమీఁదను వినక నిలుపరాదు.

గాంధారమునందలి చిక్కు

ఇచ్చటనే శాస్త్రమునకును వాద్యమునకును ఒక వివాదము పుట్టును. 4వ మెట్టు అంతరగాంధారమునకు స్థానము. తంబురాలో తనంతట వినవచ్చు మధురమైన గాంధారమునకు తంత్రి 28.8 అంగుళములు మిగులవలెను. కాని పంచమతంత్రి 9వ మెట్టు సారణి 4వ మెట్టుతో నేకము కావలెననుటచే, 4వ మెట్టు మాఱినపుడు 9వ మెట్టును మాఱవలెను. అట్లు మార్చిన 9వ మెట్టున సారణి పలుకు ధైవతము, పంచమతంత్రి 2వ మెట్టున పలుకు ధైవతమునకు సరియైన పైస్థాయి స్వరము కాదు. దానికంటె తక్కువగా పలుకును. 2వ మెట్టునుబట్టి ధైవతమును సరిచేసినచో 9వ మెట్టువద్ద 21.33 అంగుళములు మిగులును. గాంధారమునుబట్టి చేసినచో 21.6 మిగులును. మొదటి పద్ధతిని 4వ మెట్టు 28.44 అంగుళములకు దిగవలసివచ్చును. అనఁగా ఒకే గాంధారమునకు రెండుచోట్లు. వాని నడుమ అంగుళములో మూఁడవవంతుకంటె హెచ్చు భేదము.

ఈ చిక్కు క్రొత్తది కాదు. రామామాత్యుఁడు అంతరగాంధారమునకును చ్యుతమధ్యమగాంధారమునకును వేఱువేఱు మెట్లు నిలిపినచో అవి మిక్కిలి దగ్గఱపడి వాదనమునకు అనుకూలింపవని యెంచి, చ్యుతమధ్యమగాంధారపు మెట్టునే రెంటికిని ప్రతినిధిగా గ్రహించెను. కాకలినిషాదమునకును చ్యుతషడ్జనిషాదమునే ప్రతినిధి చేసెను. పుస్తకమున మాత్రమే చదివినవానికి ఇది లక్షణమునందలి యొక మినహాయింపుగా తోఁచును. మైనముమీఁద మెట్టు జరిపినవానికన్ననో ఇది తప్పనిసరియైన తీర్పుగా తెలియును. శాస్త్రకారుఁడు వాద్యమును చేతఁబట్టియే సూత్రము వ్రాసెననుటకు ఇంతకంటె సాక్ష్య మక్కఱలేదు.

వైణికుఁ డేమి చేయఁదగును? షడ్జ, మధ్యమ, పంచమములను లేశమైనను కదపరాదు. అవి తాళపుతంత్రులతో నిత్యము కలిసి మ్రోయును. గాంధార ధైవతములను రెండుచోట్ల నడుమ తన చెవికి సమ్మతమగునట్లు నిలిపి, మిగిలిన భేదమును ఎడమచేతి వ్రేలి ఒత్తిడిచేతను గమకముచేతను పూరింపవలెను. మెట్టును స్వల్పముగా తక్కువ స్వరమునకు నిలుపుట మేలు. ఏలయన తంత్రిని ప్రక్కకు లాగి స్వరమును పెంచవచ్చును గాని నొక్కిన మెట్టునొద్ద తగ్గింప వీలుకాదు.

ఏకరాగమేళమునుండి సర్వరాగమేళము

పూర్వము వీణలకు ఏకరాగమేళము, సర్వరాగమేళము అని రెండు పద్ధతులుండెడివి. ఏకరాగమేళమున వాయింపఁబోవు రాగమునకు కావలసిన స్వరములకే మెట్లుండును. రాగము మాఱినపుడు మెట్లును జరపవలెను. సర్వరాగమేళమున అన్ని స్వరములకును మెట్లుండుటచే జరుపవలసిన పనిలేదు. తంజావూరు నేలిన రఘునాథనాయకుఁడు 24 మెట్ల వీణను స్థిరపఱచెనని సంప్రదాయము. చతుర్దండిప్రకాశికలో రఘునాథేంద్రమేళవీణ పేర్కొనఁబడినది.

వేంకటమఖి 72 మేళకర్తలకు ఆధారము సర్వరాగమేళవీణయందలి 12 స్థానములే. స్థానములు 12, వాని పేరులు 16. 2వ మెట్టు చతుశ్శ్రుతిరిషభమును, శుద్ధగాంధారమును అగును; 3వ మెట్టు షట్శ్రుతిరిషభమును, సాధారణగాంధారమును అగును. రామామాత్యుఁడు షడ్జతంత్రి క్రింద చెప్పిన ఆఱు మెట్లు శుద్ధరిషభము, శుద్ధగాంధారము, సాధారణగాంధారము, చ్యుతమధ్యమగాంధారము, శుద్ధమధ్యమము, చ్యుతపంచమమధ్యమము. నేఁటి వీణమీఁద అవి వరుసగా 1 మొదలు 6 వఱకు మెట్లు. పాఠశాలలో ‘ఒకే స్థానమునకు రెండు పేరు లెట్లు?’ అని బాలుఁడడిగినపుడు, పట్టిక వ్రాసి వల్లెవేయించుటకంటె 2వ మెట్టును చూపుట యుత్తమము.

మీఁటు, ఎడమచేతి పని

కుడిచేతి చూపుడువ్రేలును నడిమివ్రేలును మార్చిమార్చి మీఁటుటకును, చిటికెనవ్రేలు తాళపుతంత్రులను పైకి మీఁటుటకును వినియోగపడును. కొందఱు గోరుతో మీఁటుదురు. కొందఱు తీఁగతో చేసిన నఖమును తొడిగికొందురు. నఖము ధ్వనిని స్ఫుటము చేయును. గోరు మార్దవము నిచ్చును. ఏది గ్రహించినను రెండువ్రేళ్ల మీఁటు సమబలముగా నుండవలెను. సరళివరుసలను విలంబమున ఒక్కొక్క వ్రేలితోను, తరువాత రెండింటితోను సాధించి, వినువానికి ఏ వ్రేలు మీఁటినదో తెలియని స్థితి వచ్చిన పిమ్మటనే ద్రుతమునకు పోవలెను.

మీఁటు లెక్కయు విచార్యమే. ప్రతిస్వరమును మీఁటినచో స్ఫుటత్వము హెచ్చి గానధర్మము తగ్గును. ఒక్క మీఁటుపై పెక్కు స్వరములు జాఱినచో గానధర్మము హెచ్చి స్ఫుటత్వము తగ్గును. ఆంధ్రవైణికులు మీఁటు నైపుణ్యమునకు ప్రసిద్ధులు. ఈమని శంకరశాస్త్రి (1922-1987), ఆయన శిష్యుఁడు చిట్టిబాబు (1936-1996) మీఁటునందలి బలమును మార్దవమును భావమునకు తగినట్లు వేఱుచేసి చూపిరి. అభ్యాసికుఁడు సాహిత్యమున పదము ఆరంభమగుచోట మీఁటి, పదమధ్యమున తంత్రిని తెగనీయక నడపినచో పాట మాటయు వీణమీఁద నిలుచును.

ఎడమచేతి పనికి తెలుఁగులిపిలో గొప్ప సాధనమొకటి కలదు. అది 1904లో ఎట్టయాపురమున అచ్చయిన, సుబ్బరామదీక్షితుల (1839-1906) సంగీతసంప్రదాయప్రదర్శిని. అందు గమకములకు ప్రత్యేకచిహ్నములు కల్పింపఁబడినవి. వానిలో పెక్కింటి యర్థము వీణమీఁదనే తెలియును. మెట్టుమీఁద తంత్రిని కదలించుట కంపితము. ఆరోహణమున జంటస్వరములలో రెండవదానిని, దాని క్రిందిస్వరమును తాఁకి పలికించుట స్ఫురితము. అవరోహణమున నట్టిది ప్రత్యాహతము. మెట్లమీఁద వ్రేలిని పైకి నడపుట ఎత్తుజాఱు, క్రిందికి నడపుట దిగుజాఱు. ఒక మెట్టుననే తంత్రిని లాగి పైస్వరమును పలికించుట ఒదుక్కల్. వంపుగా లాగి రెండు మూఁడు స్వరములను చూపుట వళి.

జాఱునకును వళికిని భేదము చెవికి సూక్ష్మము, చేతికి స్పష్టము. జాఱునందు వ్రేలు మెట్లను దాఁటును; వళియందు వ్రేలు ఒకే మెట్టున నిలిచి తంత్రి ప్రక్కకు పోవును. వళికి మెట్టు నునుపుగాను, మైనపుకట్టల నడుమ తంత్రికి చోటు చాలినంతగాను ఉండవలెను. మెట్టు గాడిపడినచో తంత్రి యందు చిక్కుకొని వళి కుంటుపడును. శిష్యుని వ్రేలు తప్పని గురువు కోపించుటకు ముందు మెట్టును చూడవలెను.

వీణా సంరక్షణము

తేనెమైనము సుమారు 62-64 సెంటిగ్రేడు డిగ్రీల వేఁడిమికి కరఁగును, అంతకుముందే మెత్తబడును. ఎండలో నిలిపిన బండిలోనో, ఎండతగులు కిటికీయొద్దనో వీణ నుంచినచో మెట్లు క్రుంగును. వానకాలమున తేమచే తంత్రులు త్రుప్పుపట్టును; వాయించిన పిదప పొడిగుడ్డతో తుడిచి యుంచవలెను. ఎడమచేతివ్రేళ్లకు పూసికొను కొబ్బరినూనె లేశమాత్రమే చాలును. హెచ్చైనచో మెట్లమీఁదను మైనముమీఁదను దుమ్ము పట్టును. త్రుప్పుపట్టిన తంత్రికి మెట్లు సరిచూచుట వృథా; ముందు క్రొత్తతంత్రి వేసి, దాని సాగుడు తీఱిన తరువాతనే మెట్లను పరీక్షింపవలెను. తంత్రి మందము మాఱినను మెట్లను మరల వినవలెను.

యంత్రసాక్ష్యము, చెవి సాక్ష్యము

నేఁడు స్వరమును కొలిచి చూపు విద్యుద్యంత్రములు సులభముగా లభించుచున్నవి. అవి సామాన్యముగా స్థాయిని 12 సమభాగములుగా పంచి చూపును. ఆ లెక్కకు 4వ మెట్టువద్ద తంత్రి 28.57 అంగుళములు మిగులవలెను. అది పైని చెప్పిన రెండు గాంధారముల నడుమ పడును గాని రెంటిలో నేదియుఁ గాదు. యంత్రము పనికిరాదని దీని యర్థము కాదు. ఉత్తతంత్రుల షడ్జమును నిలుపుటకు అది యుపకరించును. 24 మెట్లను దాని ముల్లుప్రకారమే నిలిపినచో మాత్రము వీణ తన గాంధారమును కోలుపోవును. వినువాని చెవియు క్రమముగా దానికి అలవడి, పోయినదేమో యెఱుఁగదు.

ఒక సామాన్యగ్రంథప్రతిలో అక్షరము తప్పినచో మఱియొక ప్రతి చూచి దిద్దుకొనవచ్చును. మెట్లు కట్టు నేర్పునకు అట్టి ప్రతి లేదు. అది శిల్పి చేతియందును, వైణికుని చెవియందును మాత్రమే యున్నది. కావున లక్షణగ్రంథములను పరిష్కరించు పండితులు వీణాప్రకరణమునకు వచ్చినపుడు వైణికుని పిలిచి, ఒక్కొక్క శ్లోకమును మెట్టుమీఁద పలికించి చూచుట యుక్తము. సంగీతపాఠశాలలో ఏఁటికొక్కమాఱైనను మెట్లు సరిచేయునపుడు శిష్యులను ప్రక్కన కూర్చుండఁబెట్టుకొని, పంచమతంత్రి 7వ మెట్టును సారణి 2వ మెట్టును ఏకమగు క్షణమును వారిచేతనే చెప్పింపవలెను. ఆ క్షణమును గుర్తించిన చెవికి రామామాత్యుని ప్రతినిధిస్వరము వేఱుగా వ్యాఖ్యానింప నక్కఱలేదు.